మూడుసార్లు వెనక్కొచ్చిన లారీ

శుక్రవారం మధ్యాహ్నం మెట్లెక్కి కో షూలాన్ ఆఫీసుకి వచ్చినావిడ, కూర్చోమంటే కూర్చోలేదు. చేతులు కడుక్కోవడానికి నీళ్లెక్కడున్నాయని అడిగింది. కడుక్కొచ్చి కుర్చీ అంచున కూలబడి, రెండు మాటలు చెప్పి, మళ్లీ లేచి వెళ్లి కడుక్కుంది. మూడోసారి లేవబోతుంటే షూలాన్ ఆవిడ మణికట్టు పట్టుకుని ఆపింది.

"నీళ్లకి పోయేదైతే ఈపాటికి పోయుండేది. ముందు సంగతి చెప్పండి."

గాంగ్‌షాన్‌లో ఆ ప్రైవేటు డిటెక్టివ్ ఆఫీసు ఒక సోయాపాల దుకాణం మీద ఉంది. షూలాన్‌కి నలభై ఏడేళ్లు. పదహారేళ్లు బీమా కంపెనీలో పనిచేసి, ఆస్పత్రి కాగితాల్లో నిజమెంతో అబద్ధమెంతో తేల్చి తేల్చి, విసుగొచ్చి సొంతంగా బోర్డు పెట్టుకుంది. ఆవిడకి ఒక్కడే సహాయకుడు, హౌ. వయసు అరవై రెండు. ముప్ఫై ఏళ్లు సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. తనకంటే పదిహేనేళ్లు చిన్నదైన ఆవిణ్ణి 'బాస్' అంటాడు. ఆవిడ బుర్ర పనిచేసే తీరు చూడటానికే ఈ ఉద్యోగంలో ఉన్నానని ఎదురైన వాళ్లందరికీ చెబుతాడు.

వచ్చినావిడ పేరు ఫాన్ యువేచిన్. ఊరి చివర, పాత టైర్లలోంచి ఉక్కు తీగ లాగే కర్మాగారం ఆవిడది. భర్త పోయాక ఆరేళ్లుగా తనే నడుపుతోంది.

"మా తీగ మిల్లుకెళ్తుంది. వాళ్లు కరిగించి మళ్లీ ఉక్కు చేస్తారు. ఇరవై ఏళ్లుగా వెళ్తోంది. రబ్బరు అంటుకునుందని సణిగారేగానీ ఏనాడూ లారీ వెనక్కి పంపలేదు. ఈ సోమవారం గేట్లోకి వెళ్తుంటే సైరన్ మోగింది. బుధవారం మళ్లీ మోగింది. ఇవాళ పొద్దున మళ్లీ."

"ఏం సైరన్?"

"రేడియేషన్."

హౌ చేతిలో టీ గ్లాసు బల్లమీద పెట్టేశాడు. రేడియేషన్ కలిసిన ఇనుముతో కట్టిన ఇళ్ల కథలు గాంగ్‌షాన్ ఉన్న ఆ దీవిలో తెలియని వాళ్లుండరు.

"ప్రభుత్వ మనుషులొచ్చి మొత్తం వెతికారు," అంది యువేచిన్. "తీగ బేళ్లు విప్పించారు. ఏమీ దొరకలేదు. ఇరుగుపొరుగు వాళ్లు గేటు ముందు గుమిగూడుతున్నారు. పదకొండు మంది పనివాళ్లలో ఐదుగురు రావడం మానేశారు. మా మరిది చుంగ్‌రెన్ ఏమో ఒక మనిషిని పట్టుకున్నాడు. థియెన్ అని, వియత్నాం నుంచి వచ్చినవాడు. వాడే ఏదో తెచ్చి తీగలో కలిపాడట. ఎల్లుండి పొద్దున విమానం ఎక్కించేస్తాడట." ఆవిడ గొంతు తగ్గిపోయింది. "వాడే చేసుంటే ఆ వస్తువేది? వాడు చెయ్యకపోతే ఆ వస్తువేది? ఎటు తిప్పి ఆలోచించినా నాకు కంటిమీద కునుకు లేదు."

షూలాన్ లేచి కారు తాళాలు హౌ వైపు విసిరింది.

*

కర్మాగారం ఆవరణలో గాలి కూడా కుదురుగా లేదు. యంత్రాలు ఆగిపోయిన చోట మనుషులు ఊరికే అటూ ఇటూ తిరుగుతున్నారు. రేకుల షెడ్డు పక్కన తీగ కుప్పలు రెండు రకాలుగా ఉన్నాయి. టైరు అంచులోంచి కొక్కెంతో లాగిన లావుపాటి చుట్టలు ఒకవైపు. టైరుని తురిమాక అయస్కాంతం ఏరిన వెంట్రుకల్లాంటి సన్నతీగ ఒకవైపు. సన్నతీగని ప్రెస్సులో నొక్కితే మోకాలెత్తు బేళ్లవుతాయి. వాటి గుట్టలో ఏనుగుపిల్లని దాచినా కనిపించదు.

షావ్ చుంగ్‌రెన్ ఎదురొచ్చాడు. బొంగురు గొంతు, చొక్కా చేతులు పైకి మడిచి ఉన్నాయి.

"డిటెక్టివ్‌ని తెచ్చావా వదినా? దొంగ దొరికాక డిటెక్టివ్ ఎందుకు?"

"దొంగ ఏం దొంగిలించాడో తెలుసుకుందామని," అంది షూలాన్. "థియెన్ మీద మీకు అనుమానం ఎందుకొచ్చింది?"

"ఒకటి, వాణ్ణి ప్రెస్సు మీద వేసింది ఈ సోమవారమే. సోమవారమే సైరన్ మోగింది. రెండు, వాడి పెట్టెలో సీసం దొరికింది. ఇంత సీసం!" అరచేతులు దోసిలి పట్టి చూపించాడు. "రేడియేషన్ దాచేవాడికి తప్ప సీసం ఎవడికి కావాలి?"

థియెన్‌ని గది బయట బల్లమీద కూర్చోబెట్టారు. ముప్ఫై నాలుగేళ్ల మనిషి, చేతులనిండా తీగ గీసిన గీతలు. గుర్తింపు కార్డు చుంగ్‌రెన్ లాక్కున్నాడు.

"ఆ సీసం ఏంటి?" షూలాన్ అడిగింది.

"గాలానికి. చేపలు. ఆదివారం కాలువ దగ్గర పడతాను." తడుముకుంటూ చెప్పాడు. "అక్కా, నాకు ఆ వస్తువు పేరు కూడా పలకడం రాదు. నేనెందుకు తెస్తాను?"

"ఇక్కడ నీకెవరితోనైనా గొడవుందా?"

"లేదు. యౌ అన్న, నేను మంచి స్నేహం. ఇదివరకు రోజూ సైకిల్ మీద వెనక కూర్చోబెట్టుకుని గదికి దింపేవాడు. ఈ వారం నన్ను చూస్తే అటు తిరిగిపోతున్నాడు. అందరూ నన్ను నమ్మకపోయినా పర్లేదు. ఆయన..." అక్కడితో ఆపేశాడు.

"యౌ ఎవరు?"

"లారీ నడుపుతాడు."

*

యౌ భార్య సూచెన్ కర్మాగారం వంటగదిలోనే వంట చేస్తుంది. పనివాళ్లు సగం మంది రాకపోయినా ఆవిడ పెద్ద కుండ నిండా సముద్రనాచు సూపు కాచింది.

"వండేది ఎక్కువ, తినేవాళ్లు లేరు. ఇంట్లోవాడే తిననప్పుడు బయటివాళ్లని అని ఏం లాభం?" గరిట కుండకేసి కొట్టింది.

"ఇంట్లోవాడు ఎందుకు తినడు?"

"నన్నడుగుతారేంటి! ముప్ఫై ఏళ్లు నా సూపు గిన్నె నాకిన మనిషి. మూడు వారాలుగా చేప వద్దు, రొయ్య వద్దు, నాచు వద్దు, చివరికి గుడ్డులో పచ్చసొన కూడా తీసి పక్కన పెడుతున్నాడు. ఈ వారమైతే కాగితం పళ్లెంలో పెట్టించుకుని లారీలో కూర్చుని తింటున్నాడు. పడుకోవడమూ లారీలోనే. గురక వల్ల నాకు నిద్ర చెడుతోందట! ముప్ఫై ఏళ్లకి ఇప్పుడు తెలిసొచ్చింది గురక."

హౌ నవ్వబోయి, షూలాన్ ముఖం చూసి మానేశాడు.

"ఈ మధ్య ఎక్కడికైనా వెళ్లొచ్చాడా?"

"తైతుంగ్‌లో వాళ్లన్న ఇంటికి. పైకప్పు కారుతోందని మార్చిలో వారం ఉన్నాడు. అక్కడ మెడ పట్టిందంటూ అప్పట్నుంచీ తువ్వాలు చుట్టుకునే తిరుగుతున్నాడు. పోయిన వారం మళ్లీ అదే పైకప్పంటూ నాలుగు రోజులు. ఆ ఇంటికి ఎన్ని కప్పులున్నాయో!" సూచెన్ కళ్లు తుడుచుకుంది, ఆవిరి పడిందన్నట్టు. "మొన్న బుధవారం మా మనవడికి నెల నిండింది. పండగకి ఊరంతా వచ్చింది. ఈ మనిషి వీధిలో నిలబడి కిటికీలోంచి చూసి వెళ్లిపోయాడు. పసివాణ్ణి ఒక్కసారైనా ఎత్తుకోలేదు. అమ్మాయి ఎంత ఏడ్చిందో. చెప్పండి, తైతుంగ్‌లో ఎవత్తో ఒకతి లేకపోతే మనిషి ఇలా అవుతాడా? మీరు ఇలాంటివి కనిపెట్టేవాళ్లేగా?"

"కనిపెడతాను," అంది షూలాన్.

లారీని ఆవరణకి దూరంగా గోడవార నిలిపారు. దాని దరిదాపుల్లోకి ఎవరూ వెళ్లడం లేదు, ఒక్క యౌ తప్ప. మెడకి తువ్వాలు చుట్టుకుని స్టీరింగ్ ముందు కూర్చుని ఉన్నాడు. ఆ ఎండలోనూ తువ్వాలు తియ్యలేదు. హౌ తలుపు దగ్గరికి వెళ్లి, ఒక డ్రైవరు ఇంకో డ్రైవర్ని పలకరించినట్టు పలకరించాడు.

"ఇంజను ఎలా లాగుతోంది తమ్ముడూ?"

"బానే." యౌ అవతలి కిటికీ వైపు జరిగాడు. "దగ్గరికి రాకు. లారీ మంచిది కాదంటున్నారుగా."

"మరి నువ్వు కూర్చున్నావు! భయం లేదా?"

"నాకేం భయం." నోట్లో ఏదో చప్పరిస్తున్నాడు. గేరు రాడ్ పక్కన డబ్బా నిండా పుల్లటి రేగువడియాల కాగితాలు ఉండచుట్టి ఉన్నాయి. "వక్క మానేశాను. దాని బదులు."

షూలాన్ నాలుగడుగుల దూరంలోనే నిలబడి అంతా చూసింది. ఒకే ప్రశ్న అడిగింది. "సైరన్ మోగిన మూడుసార్లూ మీరేనా నడిపింది?"

"నేనే. నడిపేది నేనొక్కణ్ణే. నేను లేని నాలుగు రోజులూ చుంగ్‌రెన్ నడిపాడు."

"అప్పుడు మోగిందా?"

యౌ ఇంకో రేగువడియం విప్పి నోట్లో వేసుకున్నాడు. "లేదు," అన్నాడు.

*

మిల్లు గేటు దగ్గర రేడియేషన్ పసిగట్టే రెండు పసుపురంగు స్తంభాలున్నాయి. లారీలు వాటి మధ్య నుంచి నడక వేగంతో వెళ్లాలి. కాపలా అధికారి నిక్కచ్చి మనిషి. సైరన్ మోగినప్పుడు యంత్రం గీసిన మూడు కాగితాలు తీసి బల్లమీద పరిచాడు. ఒక్కోదాని మీద నేలబారుగా సాగే గీత, ఎడమ కొసన కొండలా లేచి పడింది.

"ఎడమ కొస అంటే ముందుభాగం. అందుకే మొదటి వరస బేళ్లు విప్పించాం. చేతి మీటరుతో ఒక్కో తీగ వెతికాం. ఏమీ లేదు. వస్తువు ఉంది, కనబడదు. నా పాతికేళ్ల నౌకరీలో ఇలాంటిది చూడలేదు."

"వెతికేటప్పుడు డ్రైవరు ఎక్కడున్నాడు?"

"చెట్టు కింద. నియమం ప్రకారం దూరంగా పంపేస్తాం. ముందు ఫారం మీద సంతకం తీసుకుంటాం." అతను ఫారం చూపించాడు. సన్న అక్షరాల్లో ఐదు ప్రశ్నలు, ఐదింటికీ 'లేదు' అని టిక్కులు, కింద యౌ సంతకం. షూలాన్ నాలుగో ప్రశ్న రెండుసార్లు చదివి ఫారం తిరిగిచ్చేసింది.

హౌ మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తున్నాడు. "బాస్, సోమవారం కొండ పెద్దది. బుధవారం దానికంటే చిన్నది. ఇవాళ్టిది మెట్టలా ఉంది. ఏదో అరిగిపోతున్నట్టు."

"హౌ అన్నా," అంది షూలాన్, "మీకు హెవీ లైసెన్సు ఇంకా ఉందిగా?"

శనివారం పొద్దున్నే హౌ ఆ లారీ ఎక్కాడు. నిన్న వెనక్కొచ్చిన అవే బేళ్లు, అదే వరస. యువేచిన్ రెండు చేతులూ గట్టిగా పట్టుకుని గేటు పక్కన నిలబడింది. లారీ స్తంభాల మధ్యకి వచ్చింది. ముందుచక్రాలు దాటాయి. వెనకచక్రాలు దాటాయి. పైన పచ్చదీపం వెలిగింది. సైరన్ నోరెత్తలేదు.

హౌ దిగేసరికి వీపంతా తడిసిపోయింది. "రాత్రి ఎవరో ఆ వస్తువు తీసేశారు బాస్!"

"రాత్రంతా ఊరిజనం దూరం నుంచి లారీని కాపలా కాశారు. ఎవరూ ఏమీ తియ్యలేదు."

"మరి నేనేం చేశాను? నడిపానంతే."

"అంతే చేశారు," అంది షూలాన్. ఆవిడ ముఖంలో గెలిచిన సంతోషం లేదు. కారులో దారిపొడుగునా కిటికీ అద్దం దించుతూ ఎత్తుతూనే ఉంది.

*

మధ్యాహ్నం రెండింటికి అందరినీ వంటగదిలో కూర్చోబెట్టింది. యువేచిన్, చుంగ్‌రెన్, థియెన్, సూచెన్, పనిలోకి వస్తున్న మిగతావాళ్లు. యౌ తలుపు బయట, అరుగు చివర నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

షూలాన్ మూడు కాగితాలూ బల్లమీద పెట్టింది.

"ముందు అందరూ ఊపిరి పీల్చుకోండి. మీ తీగ శుభ్రంగా ఉంది. ఎప్పుడూ శుభ్రంగానే ఉంది. ఇవాళ పొద్దున అవే బేళ్లు అదే లారీలో గేటు దాటాయి. పచ్చదీపం వెలిగింది."

గదిలో గోల లేచింది. చుంగ్‌రెన్ గొంతు అందరికంటే పైన వినబడింది. "వాడు భయపడి తీసేశాడు! అందుకే!"

"థియెన్ నిన్న మధ్యాహ్నం నుంచి మీ కాపలాలోనే ఉన్నాడు, షావ్ గారూ. గాల్లోంచి తీశాడా?" ఆవిడ మొదటి కాగితం ఎత్తింది. "ఈ కొండ చూడండి. ఎడమ కొసన ఉంది. సరుకులో ముందు వరస అని అందరూ అనుకున్నారు. కానీ లారీలో స్తంభాల మధ్యకి అన్నిటికంటే ముందు వెళ్లేది సరుకు కాదు."

హౌ నోరు తెరిచాడు. ముప్ఫై ఏళ్లు బస్సు ముందు భాగంలో కూర్చున్న మనిషి. "క్యాబిన్!"

"క్యాబిన్. అందులో ఉన్నదేదో రోజురోజుకీ తగ్గిపోతోంది. సోమవారం పెద్ద కొండ, శుక్రవారానికి మెట్ట. ఇనుప డబ్బాలో దాచే సరుకు వారంలో అలా తగ్గదు. అలా తగ్గేది ఆస్పత్రిలో మింగించే మందు. బీమా కాగితాల్లో అలాంటివి వందలు చూశాను. ఆ మందుకి ముందు రెండు మూడు వారాలు సముద్రపు తిండి మాన్పిస్తారు. తర్వాత నోరు ఎండకుండా పుల్లటివి చప్పరించమంటారు. వేరే పళ్లెం, వేరే పడక అంటారు. పసిపిల్లల్ని ఎత్తుకోవద్దంటారు."

సూచెన్ గరిట కింద పెట్టింది.

"ఇంతవరకే నేను చెప్పాల్సింది," అంది షూలాన్ తలుపు వైపు తిరిగి. "మిగతాది నాది కాదు. యౌ అన్నా, మీరు చెబుతారా?"

యౌ మెడ నుంచి తువ్వాలు తీశాడు. గొంతు కింద ఈ చివర నుంచి ఆ చివరకి ఎర్రటి కోత.

"థైరాయిడ్," అన్నాడు. "క్యాన్సర్. మార్చిలో కోశారు. పోయిన వారం అయోడిన్ మందిచ్చారు. ఇంటిపట్టున ఉండమన్నారు డాక్టర్లు. ఉంటే సూచెన్‌కి తెలిసిపోతుందని సోమవారం పనిలోకొచ్చేశాను. దాని గుండె ఆపరేషనై ఏడాది కాలేదు. మనవడి నెల పండగ ముందు పెట్టుకుని ఎలా చెప్పను?"

"ఫారంలో నాలుగో ప్రశ్న చదివారా?" షూలాన్ మెల్లగా అడిగింది.

"మొదటిసారి చదవలేదు. ఎవడు చదువుతాడు? బుధవారం చదివాను. ఈ మధ్య ఆస్పత్రిలో రేడియేషన్ వైద్యం ఏమైనా జరిగిందా అని ఉంది. అప్పుడు తెలిసింది, మోగేది నేనేనని." తువ్వాలు మళ్లీ మెడకి చుట్టుకున్నాడు. "వచ్చే వారానికి మందు దిగిపోతుంది, సైరన్ ఆగిపోతుంది, అంతా మర్చిపోతారు అనుకున్నాను. థియెన్‌ని పట్టుకున్నారు. ఆదివారం లోపల చెప్పేద్దాం, చెప్పేద్దాం అనుకుంటూ..."

అతను థియెన్ వైపు తిరిగి నడుము వంచాడు. వంగినవాడు లేవలేదు.

థియెన్ ఆ వంగిన వీపునే చూస్తూ అన్నాడు. "ఇంటికి ఫోన్ చేసి చెప్పేశాను. ఆదివారం వచ్చేస్తున్నాను, తప్పు చేశానని పంపేస్తున్నారని. మా ఆవిడ నమ్మలేదు. మా నాన్న నమ్మాడు." లేచి నిలబడ్డాడు. "ఇప్పుడు మళ్లీ చెయ్యాలి. లేవండి అన్నా. కానీ నాకు కోపం ఉంది. కొన్నాళ్లుంటుంది."

"ఉండనీ," అన్నాడు యౌ.

చుంగ్‌రెన్ చొక్కా జేబులోంచి గుర్తింపు కార్డు తీశాడు. ఇవ్వబోయి, యువేచిన్ చూపు తగిలి ఆగి, రెండు చేతులతో పట్టుకుని తల వంచి అందించాడు. "నాన్నకి చేసే ఫోను నాకివ్వు," అన్నాడు బొంగురుగా. "నేను చెబుతాను. నీ భాష రాదు, నువ్వే పక్కనుండి చెప్పించు." థియెన్ కార్డు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఇద్దరూ కలిసే బయటికి నడిచారు.

పనివాళ్లు ఒక్కొక్కరూ లేచారు. యువేచిన్ గేటు దగ్గర జనానికి చెప్పడానికి వెళ్తూ, "ఎంతవరకు చెప్పమంటావు యౌ?" అని అడిగింది. "తీగ శుభ్రంగా ఉందని చెప్పండి, చాలు," అన్నాడతను. ఆవిడ తలూపింది.

వంటగదిలో సూచెన్ ఒక్కతే మిగిలింది. ఉన్నట్టుండి చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని బయటికొచ్చింది. యౌ వెనక్కి జరిగాడు.

"రాకు! దగ్గరికి రాకూడదు."

"ఎంత దూరం ఉండమన్నారు?"

"రెండు మీటర్లు. ఇంకో వారం రోజులు."

"ఏమయ్యా, తైతుంగ్‌లో అసలు మీ అన్నకి పైకప్పుందా?"

"ఉంది. కారదు."

హౌ మెట్లు దిగుతూ ఆగాడు. షూలాన్ అతని మోచెయ్యి పట్టుకుని కారు వైపు లాగింది. తలుపు వేసే ముందు మాత్రం ఇద్దరూ వెనక్కి చూశారు.

సూచెన్ వంటగదిలోంచి ఒక స్టూలు ఈడ్చుకొచ్చింది. యౌ కాళ్ల దగ్గర నుంచి మూడంగలు లెక్కపెట్టి, అక్కడ అరుగు మీద దాన్ని గట్టిగా కొట్టి పెట్టి, కూర్చుంది. ముక్కు చీదుకుంది.

"ఇప్పుడు చెప్పు," అంది. "గొంతులో గడ్డ నీ చేతికి తగిలిన రోజు నుంచి. ఒక్క ముక్క వదిలావో, చూడు."